కంది కట్టె మీద ఎర్ర బండి

మా ఊళ్లో ఈ సంగతిని చెప్పే పద్ధతి ఒకటి స్థిరపడిపోయింది. నరసరావుపేటలో నా పురుగుమందుల కొట్టుకు వచ్చేవాళ్లందరికీ అది తెలుసు. మందు డబ్బా చేతిలోకి తీసుకుంటూ నా మొహం వంక ఒకసారి చూసి, ఏమీ ఎరగనట్టు నటిస్తారు. వాళ్లు చెప్పేది ఇది: మొగుడికి మండలంలో పదవి వచ్చే వేళ, ఒక పెద్ద బండి తీసుకోమని ఇంటిల్లిపాదీ బతిమాలితే, ఈవిడ తన పాత ఎర్ర కారును వదలనని మొండికేసింది. ఆ కారేసుకుని రొంపిచెర్ల రోడ్డు మీద ఎగురుకుంటూ పోయి ఒక రైతు ఆడమనిషి కంది తగలబెట్టింది. దాంతో మొగుడి పదవి పోయింది. ఇంత జరిగినా ఆ కారు ఇంకా ఆ ఇంటి ముందే ఉంది.

ఇందులో నిజాలు రెండే. కంది కాలింది, కారు ఉంది. తక్కినదంతా మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, తన నోటితో తయారుచేసి ఊరికి పంచిన సరుకు. ఆ పొద్దు నేను కారులో లేను. కొట్లో కూర్చుని, మిరపతోటకు నేనిచ్చిన మందు పనిచెయ్యలేదని మీదికొచ్చిన ఒక పెద్దమనిషితో, ట్యాంకులో ఎన్ని నీళ్లు కలిపావో ముందు అది చెప్పమని పోట్లాడుతున్నాను. చూసినవాళ్లున్నారు. వాళ్లెవరూ నోరు విప్పరు.

ముందు బండి సంగతి. రెండు తలుపులు, రెండు సీట్లు. ఎంత కిందికి ఉంటుందంటే పక్కన ఆటో ఆగితే దాని చక్రమే నాకు కనిపిస్తుంది. హైదరాబాదులో ఒక డాక్టరు కొన్నాళ్లు వాడి విసుగెత్తి అమ్ముతుంటే, కొట్టు లాభాలతో నేను కొన్నాను. నేను డిగ్రీ చదివేటప్పుడే మా నాన్న నాకు ట్రాక్టరు నేర్పాడు. అప్పుడు నవ్వని ఊరు, నలభై దాటాక నేను ఎర్ర కారు దిగుతుంటే నవ్వింది. ఇట్టాంటివి సినిమావాళ్లకు గదా అని మా ఆయన మొదటిరోజే తేల్చేశాడు. ఆ ఎరుపు చూస్తే తనకు తలనొప్పి వస్తుందన్నాడు. తలనొప్పి మాత్ర ఎదురుగా పెట్టాను.

ఆ బండి వేగం కోసం నేను కొన్నానని అందరూ అనుకుంటారు. పల్నాడు రోడ్ల మీద వేగమేమిటి? ప్రతి ఊరివాళ్లూ తమకు తోచిన చోట తమకు తోచినంత ఎత్తున స్పీడ్ బ్రేకరు కట్టుకుంటారు. నేను కొన్నది ఆ రెండు సీట్ల కోసం. మా వైపు ఇంటి ముందు కారు ఉందంటే అది ఇంటివాళ్లది కాదు, వీధిది. అందులోనూ ఆ ఇంట్లో రాజకీయం చేసే మగవాడుంటే చెప్పనే అక్కర్లేదు. నిశ్చితార్థానికి బండి కావాలి. గురజాల కోర్టులో వాయిదాకు పోవడానికి కావాలి. ఎవరి మామగారినో ఆస్పత్రిలో చూసి రావడానికి కావాలి. "వదినా, బండి పంపించు" అంటారే గానీ, ఖాళీగా ఉందా అని అడగరు. మాకు అంతకుముందున్న కారు సీట్లలో ఎప్పుడూ ఎవరిదో కనకాంబరాల వాసన, ఎవరి పిల్లలో కక్కిన వాసన. ఈ ఎర్ర బండి వచ్చాక అడగడం ఆగిపోయింది. ఒక్కసారి ఒక దూరపు బంధువు పెళ్లి ఊరేగింపుకు అడిగాడు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, సరిగ్గా ఇద్దరే గదా అని లెక్క చూసుకున్నాడు. మరి తోటి పెళ్లికూతుర్ని ఎక్కడ కూర్చోబెడతారు, తోలేవాడు ఎక్కడ కూర్చుంటాడు అని అడిగాను. ఆలోచించుకుని వస్తానని పోయినవాడు మళ్లీ రాలేదు.

మలుపులంటూ ఉన్న రోడ్డు మాకు దగ్గర్లో ఒకటే, కోటప్పకొండ ఘాట్ రోడ్డు. తెల్లవారి కొట్టు తెరిచేలోపు ఒక్కదాన్నే పైకి పోయి దిగి వస్తుంటాను. కొన్నిసార్లు పైన ఆగకుండానే తిరిగేస్తాను. దేవుడికి దణ్ణం కూడా పెట్టకుండా దిగిపోతుందట అని అదొక మాట పుట్టింది. దణ్ణం పెట్టానో లేదో పైనున్న ఆయన ఇంతవరకు నన్నేమీ అడగలేదు. కిందివాళ్లకెందుకో అర్థం కాదు.

ఇక ముసలితనం. బండికీ వచ్చింది, నాకూ వచ్చింది. క్లచ్ బిగుసుకుపోయింది, ఏసీ పెడితే ఇంజను మూలుగుతుంది, ఏ చిన్న సామాను పోయినా పరాయి దేశం నుంచి రావాలి. అందులోంచి లేవాలంటే తలుపు పట్టుకుని, మోకాలి మీద చెయ్యి పెట్టి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని లేవాలి. మా మెకానిక్కు ఇరవై రకాల బండ్లు బాగుచేస్తాడు, ఈ ఒక్కదాన్ని మాత్రం ప్రతిసారీ ఏదో ఒకటి చెడగొట్టి ఇస్తాడు. ఒకరోజు అతనే తిరగబడ్డాడు.

"మేడం, అమ్మి పారెయ్యండి దీన్ని. నా షాపు ముందు వారాల తరబడి ఉంటే గిరాకీ రావట్లేదు. ఈ సాయిబుకు పని రాదని జనం అనుకుంటున్నారు."

"అనుకోవడం ఏంది భాయ్, ఈ బండి పని నీకు రాదు గదా."

అతను స్పానరు కింద పడేసి టీకి పోయాడు. కానీ ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. దీన్ని ఇచ్చేసి, ఇదే తరహాలో కొత్తది, కాస్త ఎత్తయినది, రెండు సీట్లదే తీసుకుంటే ఎట్లా ఉంటుందని నేనే ఆలోచిస్తున్నాను. ఫోనులో బొమ్మలు కూడా చూశాను. అంటే మొండికెయ్యడమనేది అబద్ధం. ఊగిసలాడుతున్నాను. ఆ సమయంలోనే మా ఆయనకు పదవి ఆశ పుట్టింది.

మా బావగారు ఫలహారం వేళ వచ్చి కూర్చున్నారు. ఆయనకు మా ఇంట్లో పెసరట్టు వేడిగా ఉన్నప్పుడే రాజకీయం గుర్తొస్తుంది. బండి అప్‌గ్రేడ్ చెయ్యాలి అన్నారు. ఆ మాట ఎవరి దగ్గర పట్టుకున్నారో, ఆ పూటంతా దాన్నే నమిలారు. ఎర్ర కారును గుంటూరు షోరూములో ఎక్స్ఛేంజికి ఇచ్చి, తెల్లటి పెద్ద బండి తేవాలి. ఏడుగురు కూర్చోవాలి.

"అమ్మాయ్, ఏడు సీట్ల బండి దిగితే వెనక ఆరుగురున్నారని జనానికి తెలుస్తుంది. నీ బండి దిగితే ఏం తెలుస్తుంది? పెళ్లాం ఒక్కతే ఉందని తెలుస్తుంది."

"ఆ ఒక్కతి కూడా ఉందని మీకెవరు చెప్పారు బావగారూ?"

మా ఆయన అట్టు మధ్యలో ఆపాడు. పెద్ద బండి కావాలంటే కొనుక్కోండి, నాది ఎందుకు ఇవ్వాలి అని అడిగాను. దానికి ఇద్దరూ తలా ఒక జవాబు చెప్పారు. ఇంటి ముందు రెండు కార్లుంటే ఎదుటి వర్గం ఆస్తుల గురించి మాట్లాడుతుందని ఒకరు. ఆ ఎర్రది ఇంటి ముందుంటే లీడరుకు గౌరవం ఉండదని మరొకరు. నా కారును చూసి నవ్వేవాళ్లు నా మొగుణ్ణి చూసి గౌరవిస్తారట, కారు మాయమైతే చాలునట.

"నువ్వూ పెద్దదాంట్లోనే రావచ్చు గదే, నిన్నెవురొద్దన్నారు?" అన్నాడు మా ఆయన.

ఎక్కడ కూర్చోవాలని అడిగాను. ముందు సీటు మా ఆయనది. మధ్య వరస పెద్దలది. నాకు మిగిలేది చివరి వరస, ఫ్లెక్సీల కట్టల పక్కన. అప్పుడే నాకు తెలిసింది, ఇది కారు మార్చడం కాదని. నా అంతట నేను తాళం చెవి తీసుకుని ఎవరికీ చెప్పకుండా బయటికి పోవడమనేది ఈ ఇంట్లో ఆగిపోతుంది. ఇకమీదట నేను కొట్టుకు పోవాలన్నా ఏ పెద్దమనిషి దిగుతాడా అని గడపలో నిలబడాలి. ఊగిసలాట ఆ పూటే పోయింది. ఇవ్వను అన్నాను. పిల్లల్ని వెనకేసుకొచ్చినట్టు కారును వెనకేసుకొస్తుందని బావగారు అన్నారు. మీరు మీ తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నారు, అంతకంటే కారే నయం, స్టార్టయితే కదులుతుంది అన్నాను. పెసరట్టు అయిపోయే వరకు ఆగి, ఆయన కోపంగా లేచి వెళ్లారు.

వారం గడవకుండా మా ఆయన స్వరం తగ్గించాడు. అమ్మవద్దు, ఊరికే షోరూములో చూపిస్తే ఎంత పలుకుతుందో తెలుస్తుంది, అది తెలిశాక నువ్వే నిర్ణయించుకో అన్నాడు. అది న్యాయంగానే ఉంది. చూపించి రండి, అమ్మే మాట మాత్రం నా నోటి నుంచే రావాలి అన్నాను. మర్నాడు పొద్దున తాళం చెవి ఇచ్చాను. తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేసుకుని, తల వంచి, నడుం వంచి, తిట్టుకుంటూ అందులోకి దూరాడు. నేను కొట్టుకు పోయాను.

మధ్యాహ్నం కాకముందే ఫోనొచ్చింది. చేసింది రొంపిచెర్ల దారిలో పొలమున్న ఒక రైతు ఆడమనిషి. నా దగ్గరే మందులు కొంటుంది, ఆ దారిన పోతే ఆగి పలకరిస్తాను. "అక్కా, నీ బండి కింద మంట లేసింది. ఆర్పాంలే. మీ ఆయనకేం కాలా. నా కందే పోయింది."

మెకానిక్కును వెంటబెట్టుకుని అతని వ్యానులోనే పోయాను. పోయేదాకా నాకు ఒకటే అనుమానం, అసలు మంట ఎట్లా లేచిందని. అక్కడికి చేరాక చూస్తే విషయం ఇంత సులువుగా ఉంది.

మా వైపు కంది కోతలయ్యాక కట్టెను తారురోడ్డు మీద పరుస్తారు. బస్సులు, లారీలు, ట్రాక్టర్లు దాని మీదుగా పోతుంటే కాయలు పగిలి గింజ రాలుతుంది. కళ్లం చేసుకునే పని లేదు. బండి వాడు పక్కకు తప్పించుకుని పోతే రైతుకు చిరాకు, తొక్కించి పోతే మంచివాడు. నా బండి మాత్రం ఆ పని చెయ్యకూడదు. పొట్ట నేలకు ఆనుకునే ఉంటుంది, ఎండు కట్టె లోపల చుట్టుకుంటుంది, సైలెన్సరు నిప్పులా ఉంటుంది. అందుకే కట్టె కనిపిస్తే నేను దిగుతాను. ఆడవాళ్లు పంగలకర్రతో పక్కకు లాగుతారు, నన్ను నాలుగు తిడతారు, నేను నాలుగు అంటాను, పోతాను. అది తెలియాలంటే ఆ బండి తోలి ఉండాలి.

మా ఆయన లీడరు. ఓట్లేసేవాళ్ల ముందు బండి దిగి, అమ్మా కాస్త కట్టె లాగండి అని అడుగుతాడా? తొక్కించాడు. తొక్కించి ఊరుకోలేదు. ఆడవాళ్లు చేతులూపితే, సరిగ్గా ఎండు కట్టె మీదే ఆపి, ఇంజను ఆపకుండా, అద్దంలోంచి చెయ్యి బయటపెట్టి పంట ఎట్లా ఉందని, రేటు ఎట్లా ఉందని మాట్లాడటం మొదలుపెట్టాడు. బండి కింద పొగ వస్తుంటే, అది ఆ బండికి అలవాటేమో అనుకున్నాడట. ఆడవాళ్లే ఆయన్ని చెయ్యి పట్టి లాగి, బండిని అందరూ కలిసి తోసి, తడిపిన గోతాలతో కొట్టి మంట ఆర్పారు. రోడ్డు మీద పరిచిన కందిలో సగం బూడిదయింది. నేను వెళ్లేసరికి మా ఆయన తుమ్మచెట్టు నీడలో, మసి పట్టిన తెల్లచొక్కాతో, ఎవరిదో నీళ్ల సీసా పట్టుకుని కూర్చున్నాడు. నాకంటే ముందే బావగారు వచ్చి ఉన్నారు.

ఆయన నన్ను కాస్త పక్కకు పిలిచారు. "అమ్మాయ్, బండి నువ్వు తోలావని చెబుదాం."

"నేను ఇప్పుడే వ్యాను దిగాను బావగారూ. మీరూ చూశారు."

"ఆడమనిషి తోలిందంటే జనం నవ్వి ఊరుకుంటారు. లీడరు తోలాడంటే రైతు పంట కాల్చాడని ఎదుటివాళ్లు మైకులో చెబుతారు. నీకు పోయేదేముంది?"

నాకు పోయేదేముందో ఆయనకు తెలియదని నేను అనుకోను. ఒప్పుకోను అన్నాను. గట్టిగానే అన్నాను, రోడ్డు మీద అందరికీ వినబడేట్టు. మా ఆయన వంక చూశాను. మీరు చెప్పండి అన్నాను. ఆయన నీళ్ల సీసా మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. సాయంత్రానికి ఊరంతా నేను తోలినట్టే తెలిసింది. నేను కాదని చెబితే, చూశావా ఎంత పొగరో, కాల్చి కూడా కాదంటుంది అన్నారు.

మర్నాడు పెద్దమనుషులు కూర్చున్నారు. కాలినదానికి బదులు మా పొలం కంది బస్తాలు ఆమెకు పంపాలని తేల్చారు. దానికి నాకేమీ పేచీ లేదు, పంపాల్సిందే. కానీ బండి ఎవరు తోలారన్న మాట వచ్చేసరికి, ఆ పెద్దల్లో ఒకాయన నన్ను అడగకుండానే, "ఆడపిల్ల, తెలియక చేసింది, వదిలేద్దాం" అన్నాడు. ఆడపిల్లనట, నాకు నెరిసిన జుట్టు కనిపిస్తూనే ఉంది. నేను లేచి నిలబడి, ఆ రైతు ఆడమనిషిని అడగమన్నాను. కళ్లారా చూసింది ఆమే. ఆమె తలొంచుకుని, కాలింది కాలింది, ఎవురైతే ఏంలే అంది. నేను కూర్చున్నాను.

పదవి సంగతి కూడా చెప్పి తీరాలి. అది మా ఆయనకు రాలేదు. ఎర్ర కారు వల్ల కాదు. అది మరొకరికి ఇవ్వాలని పైన ఎప్పుడో అనుకున్నారని, మా బావగారికి కూడా ముందే తెలుసని, తరవాత ఆయన సొంత కొడుకే నాతో అన్నాడు. తెలిసీ మాకు పెద్ద బండి కొనిపించబోయారంటే, ఆ బండిలో తిరగాలనుకున్నది ఎవరో చెప్పక్కర్లేదు. కానీ పదవి రాకపోవడానికి ఊరికి ఒక కారణం కావాలి. ఎర్రగా, ఇంటి ముందే, నోరు లేకుండా ఒకటి ఉంది. నోరున్నది నేను, కానీ నా మాట ఎవరు వింటారు?

కాలిన బండి మాకొద్దని షోరూమువాళ్లు అన్నారు. బావగారు పాత ఇనుముకు ఇచ్చెయ్యమన్నారు. మెకానిక్కు మాత్రం ఈసారి అమ్మమనలేదు. కింద వైర్లు, పైపులు, ఒక రబ్బరు మాడిపోయాయి, ఇంజనుకు ఏమీ కాలేదు, చేస్తాను గానీ ఎన్నాళ్లు పడుతుందో అడగొద్దు అన్నాడు. అడగలేదు. కొత్త బండి బొమ్మలు ఫోనులోంచి తీసేశాను. దీన్నే ఉంచుకుంటున్నాను. గెలిచానని కొందరు, పంతం నెగ్గించుకున్నానని కొందరు అంటారు. మాడిపోయిన బండిని ఎవరూ కొనరు గనక నా దగ్గరుండటం గెలుపైతే, ఆ గెలుపు వాళ్లే ఉంచుకోవచ్చు. నేను ఉంచుకున్నది బండిని.

బండి చేతికొచ్చాక మొదట రొంపిచెర్ల దారినే పోయాను. ఆ రైతు ఆడమనిషి పొలం గట్టు మీద ఉంది. దిగి నేరుగా అడిగేశాను.

"ఏమే, కళ్లు పోయాయా ఆ రోజు? నేను తోలానా?"

"నువ్వెందుకు తోలతావు అక్కా. నీకు తెలుసు గదా కట్టె సంగతి." ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "మేమే పిలిచాం. లీడరు గదా, తొక్కించి పో అని మేమే అన్నాం. ఆ మాట పెద్దమనుషుల్లో చెబితే, మీరే పిలిచి మీరే కాల్చుకున్నారు, బస్తాలు ఏంది అంటారు. అందుకని అన్లా."

అంత నిజాయితీగా చెప్పేసరికి నాకు తిట్టడానికి కూడా మొహమాటం వేసింది. అయినా తిట్టాను. ఆమె పట్టించుకోలేదు. ఇంకో మాట చెప్పింది.

"పిలిచింది తిరిగొచ్చేటప్పుడు గదక్కా. అంతకుముందు పక్కనుంచే పోయాడు. అటు పోయాడు, ఇటొచ్చాడు, మళ్లా అటు పోయాడు. అద్దాలన్నీ దించుకుని. ఎవురూ లేరు పక్కన. ఏందబ్బా ఈయన ఇట్టా తిరగతన్నాడు, పాటలు పాడుకుంటన్నాడు అని మేం నవ్వుకున్నాం. చానా హుషారుగా ఉన్నాడులే."

నేను బండి ఎక్కి ఇంటికి వచ్చేశాను. నరసరావుపేట నుంచి గుంటూరుకు తూర్పుగా పోవాలి. రొంపిచెర్ల పడమట. మంట గొడవలో పడి ఆ సంగతి నాకు తట్టనే లేదు. పొరపాటున పోయే దారి కాదు. అక్కడ షోరూము లేదు, కొనేవాడు లేడు, మా ఆయన వర్గం మనిషి ఒక్కడూ ఆ దారిలో లేడు. మా ఆయన పాడటం నేను ఇన్నేళ్ల కాపురంలో వినలేదు.

ఆ రోజు నుంచి అడుగుతూనే ఉన్నాను. అన్నం వడ్డిస్తూ అడిగాను, కొట్టుకు భోజనం తెచ్చినప్పుడు అడిగాను, బావగారి ముందు కూడా అడిగాను. దారి తప్పానంటాడు ఒకసారి, ఎవరినో కలవాలంటాడు ఇంకోసారి, నీ నోటికి భయపడి నిజం చెప్పడం మానేశానంటాడు మరోసారి. పంట కాలిన నింద నా నెత్తిన వేసినా మోస్తున్నాను, ఆ మాట మళ్లీ ఎత్తను. ఇది ఒక్కటి మాత్రం తేలాలి. నన్ను ఆ బండి వదిలెయ్యమని అంత పోరిన మనిషి, ఆ పొద్దు ఆ స్టీరింగు పట్టుకుని, గుంటూరు మాట మరిచిపోయి, పాటలు పాడుకుంటూ ఒక్కడే అటూ ఇటూ ఎందుకు తిరిగాడు?